రైలు దిగిన తరువాత

ప్రయాణం చేయుట వేరు, ఇల్లు చేరుట వేరు. ఈ రెండింటి నడుమ గల భేదం నగర నిర్మాణ పటాలలో కనిపించదు. అది రోజూ సాయంత్రం రైలు దిగి, పుస్తకాల సంచి భుజాన వేసుకొని, మసక చీకటిలో ఇంటిదారి పట్టే విద్యార్థికి తెలుసు. గంప నెత్తిన పెట్టుకొని స్టేషను మెట్లెక్కే కూరలమ్మే స్త్రీకి తెలుసు. మోకాళ్ళ నొప్పులతో దవాఖానాకు పోయివచ్చే ముదుసలికి తెలుసు. నేడు నగర శివారులలో కొత్త రైలు స్టేషన్లు, మెట్రో మార్గాలు, రవాణా కూడళ్ళు వెలుస్తున్న తరుణంలో ఈ భేదాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకొనుట అసందర్భం కాదని మా అభిప్రాయం.

మాలో పలువురం లోకల్ రైలు మీద ఆధారపడి చదువుకొంటున్నవారమే. రైలు టిక్కెట్టు కనీస ధర ఐదు రూపాయలు. టిక్కెట్టు కొని ప్రయాణించే వారికి ఇంతకంటె చౌకైన సాధనం నగరంలో లేదు. కాని స్టేషను గేటు దాటిన తరువాత కథ మారుతుంది. అక్కడినుండి ఇంటికి మైలో, మైలున్నరో ఉంటుంది. కాలిబాట ఉండదు, ఉన్నచోట దానిమీద వాహనాలు నిలిచి ఉంటాయి. వీధి దీపం ఒకటి వెలిగితే రెండు ఆరి ఉంటాయి. బస్సు వేరొక రోడ్డు మీద ఆగుతుంది. ముగ్గురు కూర్చునే ఆటోలో ఆరుగురు ఇరుక్కొని, రైలుకు ఇచ్చినదానికి రెండింతలు ఇచ్చి ఇల్లు చేరవలె. ఈ కారణం చేతనే సాయంత్రపు ప్రయోగశాల తరగతులు మానుకొన్న ఆడపిల్లలు మాలో ఉన్నారు. అన్ని కిలోమీటర్ల రైలు మార్గం వారి చదువుకు అడ్డు రాలేదు. ఆఖరి మైలు అడ్డు వచ్చినది.

రవాణా ఆధారిత అభివృద్ధి, అనగా ట్రాన్సిట్ ఓరియంటెడ్ డెవలప్‌మెంట్ అను మాట ఈ మధ్య తరచు వినవస్తున్నది. దాని సారాంశం కఠినమైనది కాదు. స్టేషను నుండి పది పన్నెండు నిమిషాలలో నడచి చేరగల వలయంలో ఇళ్ళు, అంగళ్ళు, బడులు, దవాఖానాలు, పనిచోట్లు దగ్గర దగ్గరగా ఉండవలెననీ, అప్పుడు సొంత వాహనం అవసరం తగ్గుననీ ఆ సిద్ధాంతం. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ విధానం ఈ వలయాన్ని సుమారు 500 నుండి 800 మీటర్లుగా పేర్కొన్నది. ఆ మాటకు ప్రచారం కల్పించినవాడు అమెరికా ఆర్కిటెక్టు పీటర్ కాల్తార్ప్. ఆయన గ్రంథం 1993లో వెలువడినది. ఆచరణ అంతకంటె పాతది. జపానులోని ఒసాకా నగరం నుండి కొబయాషి ఇచిజో 1910లో రైలు మార్గం నడిపి, దాని వెంబడి ఇళ్ళు కట్టి అమ్మి, 1929లో ఉమెదా స్టేషనులోనే పెద్ద అంగడి తెరిపించాడు. హాంగ్‌కాంగ్ రైలు సంస్థ స్టేషన్ల మీద ఇళ్ళు, అంగళ్ళు నిర్మింపజేసి, ఆ రాబడిని మార్గాల నిర్మాణానికి వినియోగించినది. ఈ ఉదాహరణలను తరచు చెప్పుకొంటారు. హాంగ్‌కాంగ్‌లో నూటికి నలుబదిమందికి పైగా ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలోనో, ప్రభుత్వ సహాయంతో కొన్న ఇళ్ళలోనో నివసిస్తున్నారన్న సంగతి మాత్రం అంతగా చెప్పుకొనరు. స్టేషను చుట్టూ ధర పెరిగినప్పుడు పేదవాడు నిలదొక్కుకొనుటకు అక్కడ ఒక ఆధారం ఉన్నది. ఆ ఆధారాన్ని విడిచిపెట్టి భవనాలను మాత్రమే అనుకరించుట వాత చూసి నక్క పులి కావాలనుకొన్నట్లే అవుతుంది.

నిజానికి ఈ సిద్ధాంతం మన నగరానికి పరాయిది కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో హైదరాబాదు రూపొందినప్పుడు దాని నడిబొడ్డున వెలసినది ఒక చౌరస్తా. నాలుగు దారుల కలయికలో చార్మినార్. దాని పై అంతస్తులో మసీదు. కొంచెం ఎడంగా నాలుగు కమానులు. వాటి నడుమ నీటి హౌజు. దారుల కిరువైపులా బజార్లు. బజార్ల వెనుక నివాసాలు. నడచివచ్చే మనిషికి నీడ, నీరు, ప్రార్థన, బేరం అన్నీ కాలినడక దూరంలోనే లభించినవి. తరువాతి కాలంలో నాంపల్లి రైల్వే స్టేషను చెంత బాటసారుల కొరకు సరాయి వెలసినది. దూరప్రాంతం నుండి వచ్చినవాడు రైలు దిగి ఎక్కడికి పోవునన్న ప్రశ్న ఆనాటి వారికి తోచినది. స్టేషను అనగా రైలు ఆగు చోటు మాత్రమే కాదు, మనిషి ఆగు చోటు కూడా అని వారు గ్రహించారు.

రైలుకు, బస్సుకు పొత్తు కుదర్చవలెనన్న ఆలోచన కూడ ఇక్కడ కొత్తది కాదు. 1932లో 27 బస్సులతో ఈ ప్రాంతంలో ప్రభుత్వ బస్సు సర్వీసు ప్రారంభమైనప్పుడు అది నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా ప్రారంభమైనది. రైలు, బస్సు ఒకే గొడుగు కింద నడిచినవి. ఈనాడు రైలు ఒకరిది, మెట్రో ఒకరిది, బస్సు ఒకరిది, రోడ్డు మరొకరిది, రోడ్డు మీది దీపం ఇంకొకరిది. ప్రయాణికుడు మాత్రం ఒక్కడే. ఈ చెల్లాచెదరును సరిదిద్దుటకు ప్రతి పెద్ద నగరానికి ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థ ఉండవలెనని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సూచించినది. సంస్థ ఏర్పడుట ఒక ఎత్తు, దాని మాట అన్ని శాఖలు వినుట మరొక ఎత్తు.

గడచిన ఇరవై యేండ్ల అనుభవాన్ని ఒకసారి పరికించుదాము. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైనవి. 2017 నవంబరు 28న మియాపూర్ నుండి నాగోలు వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. 2019లో అది హైటెక్ సిటీని, రాయదుర్గాన్ని చేరినది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు మార్గం తెరచుకొనుటతో మొత్తం 69 కిలోమీటర్లయినది. 2023 ఏప్రిల్ 8న ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశలో కొన్ని కొత్త సర్వీసులు మేడ్చల్ వైపు, ఉందానగర్ వైపు నడచినవి. ఇవి చిన్న విజయాలు కావు. సికింద్రాబాదు, నాంపల్లి, మలక్‌పేట, ఖైరతాబాదు వంటి చోట్ల రైలు స్టేషను, మెట్రో స్టేషను ఒకదాని కొకటి చేరువలో ఉండుట ప్రయాణికుల అదృష్టం. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరచిన వలయాకారపు పాదచారుల వంతెన మెట్రోను చుట్టుపక్కల రోడ్లతో కలిపి, నడిచేవారికి వాహనాల బెడద తప్పించినది. మంచిని మంచి యనుటకు మాకు సంకోచం లేదు.

అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. హైటెక్ సిటీ అను పేరుతో ఎం.ఎం.టి.ఎస్. స్టేషను ఒకటి ఉన్నది, మెట్రో స్టేషను ఒకటి ఉన్నది. పేరు ఒకటే అయినా రెండింటి నడుమ హాయిగా నడచి పోదగినంత దగ్గర లేదు. కొత్తగా వచ్చినవాడు పేరును నమ్మి రైలు దిగితే మరల ఆటో వెదకుకొనవలసినదే. ఉందానగర్ స్టేషను శంషాబాదు విమానాశ్రయానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. కాని లోకల్ రైలు అక్కడే ఆగిపోతుంది, విమానాశ్రయం గుమ్మం తొక్కదు. 2025 జనవరి 6న చర్లపల్లిలో సుమారు 413 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన కొత్త టెర్మినల్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల మీది ఒత్తిడి తగ్గించుట దాని ఉద్దేశం. భవనం చూడముచ్చటగా ఉన్నది. కాని ప్రారంభం నాటికి అక్కడికి పోవు రోడ్లు ఇరుకుగానే మిగిలినవని పత్రికలు వ్రాసినవి. పెండ్లి పందిరి వేసి, చుట్టాలు వచ్చే దారిలో ముళ్ళకంప తీయుట మరచినట్లయినది.

ఇక పాతబస్తీ సంగతి. మెట్రో మొదటి ప్రణాళికలోనే జూబ్లీ బస్ స్టేషను నుండి ఫలక్‌నుమా వరకు మార్గం ఉన్నది. అది 2020లో మూసీ తీరాన మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర ఆగిపోయినది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు ఏటికి ఆవలి ఒడ్డు. 2024 మార్చి 8న ఫలక్‌నుమా సమీపంలో ముఖ్యమంత్రి దానికి శంకుస్థాపన చేశారు. మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్లుగా తలపెట్టినారు. 2025 ప్రారంభంలో ఆస్తుల సేకరణ, కట్టడాల తొలగింపు మొదలైనవి. ఆలస్యమైనప్పటికీ ఇది ముదావహం. కాని మార్గం రాబోవుచున్న ఈ సమయంలోనే ఒక ప్రశ్న వేసుకొనుట మంచిది. మెట్రో ఎవరి కొరకు వస్తున్నది?

మా వాదం ఇది. దట్టమైన నివాసం, ఇంటి కింద అంగడి, అంగడి పక్కన పనివాని కొట్టు, సందు చివర బడి, నడచి పోదగిన దూరంలో మసీదు, గుడి, హకీము, కిరాణా: రవాణా ఆధారిత అభివృద్ధి అను పేరుతో శివారులలో ఏ వాతావరణాన్ని కొత్తగా సృష్టించవలెనని పెద్దలు ఆశిస్తున్నారో, అది శాలిబండలో, ఫలక్‌నుమాలో, జహానుమాలో తరతరాలుగా ఉన్నది. రవాణాకు తగిన ఊరు అక్కడ ఎప్పుడో వెలసినది; రవాణా మాత్రమే రాలేదు. పడమటి శివారులలో స్టేషను వచ్చిన తరువాత చుట్టూ మనుషులను చేర్చవలసి యున్నది. ఇక్కడ మనుషులు ముందే ఉన్నారు. వారిని చెదరగొట్టకుండ స్టేషనును చేర్చిన చాలు. ఈ రెండు పనులూ ఒకటి కావు. రెండింటికీ ఒకే నమూనా వర్తింపజేయుట పెద్ద పొరపాటు.

చెదరగొట్టుట అనగా బుల్‌డోజరు ఒక్కటే కాదు. రోడ్డు వెడల్పులో ఇల్లు పోయినవానికి చట్టం కొంత అండగా ఉన్నది. 2013 నాటి భూసేకరణ చట్టం నష్టపరిహారాన్ని యజమానికి మాత్రమే పరిమితం చేయలేదు. మూడేండ్లకు తక్కువ కాకుండ అక్కడ నివసిస్తున్న పట్టణ కుటుంబాన్ని, ఆ చోటిమీద జీవనోపాధి పొందుతున్న కుటుంబాన్ని కూడ బాధిత కుటుంబంగానే పరిగణించినది. అద్దెకొట్టులో గాజులమ్మువాడు, జరీపని చేయువాడు ఈ సంగతి తెలుసుకొని తన హక్కు అడుగవలె. కాని రోడ్డు వెడల్పుకు నాలుగు ఇళ్ళ వెనుక, సందులో అద్దెకు ఉన్నవాని గతి ఏమి? అతని గోడకు ఎవ్వరూ గీత గీయరు. స్టేషను తెరచిన మరుసటి యేడు ఇంటి యజమాని అద్దె పెంచుతాడు. ఆ మరుసటి యేడు ఇల్లు అమ్ముతాడు. అద్దెదారు నగరం బయటికి, రైలు లేని చోటికి, ఎవ్వరికీ తెలియకుండ తరలిపోతాడు. రైలు ఎక్కవలసినవాడు పోగా, కారున్నవాడు వచ్చి స్టేషను పక్కన కాపురముంటాడు. అప్పుడు రైలు ఖాళీగా, రోడ్డు నిండుగా ఉంటుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లని మన పెద్దలు ఇటువంటి దానినే అన్నారు.

మా వాదానికి ఒక ఆక్షేపణ ఉన్నది. అది తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. మెట్రోకు అయ్యే వ్యయం అపారం. టిక్కెట్ల రాబడి ఒక్కటే చాలదు. స్టేషను చుట్టూ భూమి విలువ పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో కొంత ప్రజా రవాణాకు మరలవలెను గదా అని విజ్ఞులు అందురు. ఆ మాట న్యాయమైనదే. ప్రభుత్వం వేసిన మార్గం వలన పెరిగిన విలువ కేవలం భూస్వామి జేబులోకి పోవుట తగదు. అయితే మన అనుభవం ఏమి? మన మెట్రో ఒప్పందంలో ఆస్తుల అభివృద్ధి ద్వారా పెద్ద రాబడి వచ్చునని ఆశించారు. పంజగుట్ట, ఎర్రమంజిల్, మూసారాంబాగు, హైటెక్ సిటీ స్టేషన్ల వద్ద మాల్‌లు వెలసినవి. అయినప్పటికీ నష్టాలు తప్పలేదు. 2025 సెప్టెంబరులో మెట్రోను రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించుటకు నిర్మాణ సంస్థతో సూత్రప్రాయంగా అంగీకారం కుదిరినది. కనుక మాల్ కట్టినంత మాత్రాన రైలుకు మేలు కలుగునన్నది నిరూపిత సత్యం కాదు. స్టేషనుకు నిజమైన ఆస్తి దానికి నడచి వచ్చే జనం. ఉదయం ఆరుగంటలకు పనికి పోవు తాపీమేస్త్రీ, ఎనిమిదింటికి కాలేజీకి పోవు విద్యార్థిని, రాత్రి పదింటికి డ్యూటీ దిగు నర్సు, వీరు యేడాదికి మూడువందల రోజులు టిక్కెట్టు కొంటారు. వీరిని స్టేషనుకు దూరం చేసికొనుట లాభసాటి వ్యాపారం కూడ కాదు.

అందుచేత పాతబస్తీలోని కొత్త స్టేషన్ల విషయంలోను, మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్ వంటి శివారు కూడళ్ళ విషయంలోను కొన్ని సూచనలు చేయ సాహసిస్తున్నాము.

మొదటిది, స్టేషను అంచనా వ్యయంలోనే దాని చుట్టూ 800 మీటర్ల దారుల వ్యయం చేరవలె. కాలిబాట, దీపం, మూత వేసిన మురుగుకాలువ, రోడ్డు దాటుటకు సురక్షితమైన చోటు, ఇవి పూర్తి కానిదే ప్రారంభోత్సవం జరుగరాదు. మెట్రో స్టేషనుకు ఇరువైపులా ఐదు కిలోమీటర్ల వరకు చేరుడు సౌకర్యాలను రాష్ట్ర ప్రభుత్వం కల్పించవలెనని 2017 నాటి మెట్రో రైలు విధానం ఎలాగూ చెప్పుచున్నది. ఐదు కిలోమీటర్ల మాట తరువాత. మొదట ఎనిమిదివందల మీటర్లయినా సక్రమంగా ఉండనిండు.

రెండవది, ఫలక్‌నుమాలో రైలు స్టేషను ఇప్పటికే ఉన్నది, మెట్రో రాబోతున్నది, బస్సులు ఉన్నవి. ఈ మూడింటిని నీడగల నడకదారితో కలిపి, వేళలు సరిపెట్టి, మూడింటికీ చెల్లే టిక్కెట్టు ఇవ్వవలె. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం లభిస్తున్నది. ఆ బస్సు స్టేషను గుమ్మం ముందు ఆగినప్పుడే ఆ సదుపాయం సంపూర్ణమవుతుంది. ఒకప్పుడు ఇరుకు వీధులలో సెట్విన్ చిన్న బస్సులు తిరిగేవి. నిరుద్యోగ యువకులకు అవి జీవనోపాధి కూడ అయినవి. అటువంటి చిన్న బస్సులను స్టేషను నుండి బస్తీలకు మరల నడపవచ్చును.

మూడవది, స్టేషను వలయంలో అద్దెకున్న కుటుంబాల, అద్దెకొట్ల జాబితా ముందుగానే తయారు చేయవలె. 2017 జాతీయ విధానమే ఈ వలయంలో అనుమతించే నిర్మాణంలో కనీసం 30 శాతం సామాన్యులకు అందుబాటులో ఉండు ఇళ్ళకు కేటాయించవలెనని చెప్పినది. ఆ మాట కాగితం మీద నిలిచిపోక, అక్కడ ఇదివరకు ఉన్నవారికే ఆ ఇళ్ళలో మొదటి హక్కు కావలె. 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేయుటతో ఊరుకొనక, పేదల కొరకు ఇళ్ళు కూడ కట్టించినది. నూరేండ్ల క్రితం చేతనైన పని నేడు చేతకాకపోవునా?

నాలుగవది, స్టేషను ముందు చాయబండి, పండ్లబండి, పూలబుట్ట ఉండుట అపరాధం కాదు. రాత్రివేళ ఆడపిల్ల ధైర్యంగా నడచుటకు పోలీసు ఎంత తోడో, వెలుగుతున్న చాయబండి అంత తోడు. వీధి వ్యాపారులకు రక్షణ కల్పించు చట్టం 2014లో వచ్చినది. అయితే రైల్వే భూములకు ఆ చట్టం వర్తించదు. గేటు లోపల ఒక న్యాయం, గేటు బయట ఒక న్యాయం కాకుండ, స్టేషను పటంలోనే వారికి చోటు, నీరు, చెత్తబుట్ట ఏర్పాటు చేసిన, తోపులాట తప్పుతుంది, పొట్టకూడూ నిలుస్తుంది.

ఇవన్నీ ప్రభుత్వం చేయవలసిన పనులు. మనమేమి చేయగలమని కొందరు మిత్రులు అడుగవచ్చు. ఒక పని చేయవచ్చును. మాలో ప్రతి ఒక్కరం తాము దిగే స్టేషను నుండి నాలుగు దిక్కులా ఎనిమిదివందల మీటర్లు నడచి, కాలిబాట ఎక్కడ తెగినదో, దీపం ఎక్కడ ఆరినదో, బస్సు ఎక్కడ ఆగునో, సందులో అద్దె ఎంత పెరిగినదో ఉర్దూలోనో, తెలుగులోనో వ్రాసి తెచ్చిన, ఒక్క సెలవులలోనే ఇరవై స్టేషన్ల చిట్టా సిద్ధమవుతుంది. దానిని తీసికొని పోయి అధికారుల బల్ల మీద పెట్టవచ్చును. ఊరక అడిగినవానికంటె లెక్కతో అడిగినవానికి సమాధానం చెప్పుట వారికి తప్పనిసరి అవుతుంది. రాబోవు సంచికలో ఆ చిట్టాను ప్రచురించవలెనని మా కోరిక.

రైలు మూసీ దాటి వచ్చు రోజు తప్పక వస్తుంది. ఆనాడు స్టేషను మెట్లు దిగి చూచినప్పుడు ఆ పాత సందులలో ఆ పాత మనుషులే ఉండవలె. వారి నడక మాత్రం సులువు కావలె. ప్రయోగశాల తరగతి ముగించుకొని పొద్దుపోయి రైలు దిగిన చెల్లెలు, దారికి దీపమున్నదా అని వెనుదిరిగి చూడక ఇంటికి పోగలిగిన నాడు ఆ మెట్రో మనదని చెప్పుకొందాము.